డిజైనర్‌ను చెరుకుగా ప్రకటించండి

ప్రభుత్వం వారికి ఒక విన్నపం. ఇందూరు, అదే నిజామాబాద్ జిల్లాలో సొంతంగా పనిచేసుకుంటున్న గ్రాఫిక్ డిజైనర్లందరినీ తక్షణమే చెరుకుగా ప్రకటించాలి. మనుషులుగా ఉన్నంతకాలం వాళ్లకు ధర పలకదు. చెరుకైతే పలుకుతుంది.

నవ్వకండి, ఉత్తర్వు తీసి చదవండి. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, గడ మిల్లుకు చేరిన 14 రోజుల్లో రైతు చేతికి డబ్బు రావాలి. రాకపోతే ఆలస్యమైన కాలానికి ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ధర ఎంతో గడ కొట్టకముందే కేంద్రం చెప్పేస్తుంది. 2025-26 సీజనుకు క్వింటాలుకు 355 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ మీద, అంటే గడ నుంచి తీసిన చక్కెర శాతం మీద. రికవరీ 0.1 శాతం పెరిగినప్పుడల్లా 3 రూపాయల 46 పైసలు అదనం. తగ్గితే కోత ఉంటుంది గానీ, 9.5 శాతానికి దిగజారినా సరే, 329 రూపాయల 5 పైసలకు తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. సాగు ఖర్చు 173 రూపాయలని తేల్చి, దానికి రెట్టింపు దాటేలా ఈ ధర కట్టారు. గడ్డిజాతి మొక్క. నోరు లేదు. దాని తరఫున కమిషన్ ఉంది, కేబినెట్ ఉంది, వడ్డీ రేటు ఉంది.

డిజైనర్‌కు నోరుంది. అక్కడే చెడింది. ఆ నోటితో అతను "మీ ఇష్టం అన్నా, ఎంతో కొంత ఇయ్యున్రి" అంటాడు.

ధరల విషయంలో ఇందూరోళ్లకు ఒకరు నేర్పాల్సింది లేదు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ లేచిన నాటి నుంచీ, కాంటా ముందు నిలబడి ముల్లు ఎటు వాలుతోందో కనిపెట్టడం బోధన్ రైతుకు తాతలిచ్చిన చదువు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్ప ముందు కూర్చున్న మనిషి కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, కాడికి ఎంత పోవాలో గోళకు ఎంత పోవాలో చెప్పేస్తాడు. ఆ ధర గిట్టకే కదా, 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క స్థానానికి 185 మంది నిలబడ్డారు! వాళ్లలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో బూత్‌లో 12 ఈవీఎం యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. కష్టానికి ఖరీదెంతో తేల్చమని దేశాన్నే నిలదీసిన నేల ఇది.

ఆ నేల మీది పెద్దమనిషే తన తమ్ముడికి బోధన్‌లో ఎరువుల దుకాణం పెట్టించి, లోగో కోసమని డిజైనర్ గది మెట్లెక్కుతాడు. మెట్లెక్కే లోపు లెక్కలన్నీ మరిచిపోతాడు.

"తమ్మీ, ఒక మంచి లోగో కొట్టియ్యి. చూడంగనే లోపలికి రాబుద్ది కావాలె."

"చేద్దామన్నా. తొమ్మిది వేలైతయి."

"తొమ్మిది వేలా! గింత బొమ్మకా? కూసున్న కాడ మౌసు అటిటు తిప్పుడేనాయె. ఐదు నూర్లు తీస్కో. ముంగట మస్తు పనున్నది, అంత నీకే."

ఈ 'ముంగటి పని' అనేది జిల్లాలో ఇప్పటివరకు ఎవరూ కోయని పంట. దాని మీద అప్పు పుట్టదు, దానికి బీమా లేదు, అయినా ప్రతి డిజైనర్ దాని పేరు చెప్పి ఈ రోజు పనిని సగానికి ఇచ్చేస్తాడు. రేపు ఇదే అన్న దుకాణానికి ఒక రైతు వచ్చి, "ఈ యూరియా బస్తా ఉత్తగ ఇయ్యి, పంటొచ్చినంక మిగతాయన్ని నీ దగ్గర్నే కొంట" అంటే ఏమంటాడో ఎవరైనా వెళ్లి వినొచ్చు. పిల్లలను మాత్రం వెంట తీసుకెళ్లకండి.

ఇక బంధుత్వం. 'మనోడు' అన్న మాటకు నిజామాబాద్‌లో యాభై శాతం తగ్గింపు. మేనమామ అయితే డెబ్భై అయిదు. బావకైతే డిజైనరే ఎదురు చాయ్ తాగించాలి. కాంటా మీద చెరుకు బండి ఎక్కినప్పుడు మిల్లు మేనేజరు తనకు వరసకు ఏమవుతాడని ఏ రైతూ విచారించడు. వరస కలిసింది కదా అని టన్నుకు యాభై కిలోలు ఎవడైనా వదిలేస్తాడా?

అసలు రోగం మొదలైంది ఫ్లెక్సుతో. మన పట్నాల్లో డిజైన్‌ను విడిగా అమ్మే అలవాటే లేకుండా పోయింది. ఫ్లెక్సు చదరపు అడుగుకింత. 'డిజైన్ ఫ్రీ' అని అద్దం మీద స్టిక్కరు. ప్లాస్టిక్‌కు రేటుంది, సిరాకు రేటుంది, చుట్టూ కొట్టే కర్ర ఫ్రేముకు రేటుంది, గోడకెక్కి కట్టే కుర్రాడి కూలికి రేటుంది. దేశంలో ప్లాస్టిక్ మందాన్ని కూడా మైక్రాన్లలో కొలుస్తున్నారు. వంద మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఆ ప్లాస్టిక్ మీద ఏముండాలో ఆలోచించిన బుర్ర మందమెంతో కొలిచే పరికరం మాత్రం రాలేదు. ఎన్నికలప్పుడు చూడండి: అభ్యర్థి ఖర్చు లెక్కగట్టడానికి అధికారులు రేట్ల పట్టిక వేస్తారు. చాయ్‌కి ఇంత, కుర్చీకి ఇంత, ఫ్లెక్సుకు ఇంత. అక్కడ కూడా ఫ్లెక్సును కొలిచేది పొడవు, వెడల్పులతోనే.

ఆ పొడవు వెడల్పుల మధ్య జరిగే పనేమిటో తెలియాలంటే, స్థానిక యువనేత పుట్టినరోజు ముందటి రాత్రి డిజైనర్ పక్కన ఒక గంట కూర్చోవాలి. మొదట ఫోటోలు వస్తాయి, వాట్సాప్‌లో. ఒకటి పెళ్లి గుంపు ఫోటోలోంచి కోసింది, భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది. ఆ చేతిని నరికి, పోయిన భుజాన్ని మళ్లీ మొలిపించాలి. ఇంకొకటి ఆధార్ కార్డు మీది ఫోటోకు తీసిన ఫోటో. ఆయన్ను అందులోంచి బయటికి తీసి, తెల్లచొక్కా తొడిగి, చిరునవ్వు నవ్వించాలి. ఇన్నేళ్లలో ఆయన ఇంట్లోవాళ్లకు సాధ్యం కాని పని అది. 

తర్వాత తలల పంపకం. పైన రాష్ట్ర నాయకుల తలలు గుండ్రటి బిళ్లల్లో, వరస తప్పకుండా. పక్కన ఎమ్మెల్యే నిలువెత్తు. మధ్యలో పుట్టినరోజు మనిషి, ఎమ్మెల్యే కన్నా పొట్టి, జిల్లా అధ్యక్షుడి కన్నా పొడుగు. కింద ముప్పైరెండు చిన్న తలలు, ఒక్కొక్కరు ఐదు వందలు చందా వేసుకున్నవాళ్లు. ప్రూఫు గ్రూపులో పడగానే మొదలవుతుంది: "పక్క వార్డోని తలకాయ నాదానికన్న పెద్దగ ఎట్లుంటది?" సమానం చేస్తే ఇంకొకడికి కోపం. ఏ తల ఎంత సైజులో ఉండాలన్నది ఆ వారం ఎవరికెవరికి మాటల్లేవన్న దాన్ని బట్టి మారుతుంది. జిల్లా రాజకీయాల సంగతి విలేకరుల కన్నా ముందు డిజైనర్‌కే తెలుస్తుంది. రాత్రి పదకొండుకు ఫోనొచ్చి "ఆయన ఫోటో తీసెయ్యి" అన్నారంటే పొద్దున పేపర్లో రాజీనామా ఉంటుంది.

నాయకుడు పార్టీ మారితే, పాత ఫ్లెక్సు ఫైలు తెరిచి మెడలో కండువా రంగు మార్చాలి. కండువా మార్చినందుకు నాయకుడికి ఎంత ముట్టిందో మనకు తెలియదు. ఫ్లెక్సులో మార్చినందుకు డిజైనర్‌కు ముట్టింది సున్నా. "ఉన్న ఫైలే గదా, రంగొక్కటే గదా తమ్మీ!"

తప్పు పడితే మాత్రం పూర్తి హక్కులు డిజైనర్‌వే. వాట్సాప్‌లో వచ్చిన మేటరు యూనికోడ్‌లో ఉంటుంది, షాపులో కోరల్‌డ్రాకు అలవాటైనది అను ఫాంట్లు. మార్చబోతే వత్తు ఒకచోటికి, గుడి ఒకచోటికి లేచిపోతాయి. మార్చడం కన్నా మళ్లీ టైపు కొట్టడమే నయమని అర్ధరాత్రి కొడతాడు. 'శ్రద్ధాంజలి'లో ఒక వత్తు జారిందో, పోయినాయన కొడుకు పొద్దున్నే ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న, "పైసలు తీస్కోలేదా నువ్వు?" తీసుకోలేదు. అడ్వాన్సు కూడా.

"మా పిల్లగాడు క్యాన్వల చేస్తడు" అనే వర్గం ఒకటుంది. చేయనివ్వండి. నిజంగానే చాలా పనులకు క్యాన్వా చాలు. కిరాణా దుకాణం సంక్రాంతి శుభాకాంక్షలకు డిజైనర్‌ను పిలవడం దండగ. ఆ మాట డిజైనర్ కూడా ఒప్పుకోవాలి. కానీ పిల్లగాడు చేశాక, "జర నువ్వు ఒకసారి చూసి సెట్ చెయ్యి" అని అర్ధరాత్రి డిజైనర్‌కు పంపుతారే, అక్కడ మొదలవుతుంది మోసం. ఈమధ్య ఏఐ వర్గం కూడా బయల్దేరింది. "ఏఐ నిమిషంల చేస్తది, నీకెందుకియ్యాలె?" అని. ఏఐ చేసిన బొమ్మలో మనుషులు ధగధగా మెరుస్తుంటారు. పైన అక్షరాలు చూడ్డానికి తెలుగులాగే ఉంటాయి, చదవబోతే చాలాసార్లు ఏ భాషా కాదు. ఆ అక్షరాలను తెలుగులోకి తెచ్చే పని మళ్లీ ఎవరికి పడుతుందో చెప్పనక్కర్లేదు. రేటు మాత్రం "ఏఐ చేసిందే గదా" రేటు.

ఇంతకూ ఎంత ఇవ్వాలి?

చెరుకు దగ్గరికే వెళ్దాం. గడ ధర కట్టేటప్పుడు కమిషన్ ముందుగా చూసేది ఖర్చు. విత్తనం, ఎరువు, కూలి, నీళ్లు, వీటితో పాటు ఇంటిల్లిపాది చేసిన చాకిరీని కూడా రూపాయల్లో కట్టి కలుపుతుంది. ఏ2+ఎఫ్ఎల్ అని దానికో పేరు. అంటే రైతు భార్య కలుపు తీసిన పూట కూడా ఖర్చే. బయటి కూలికి ఇవ్వలేదు కాబట్టి ఉత్తదే అని ఎవరూ అనరు. ఈ లెక్కను వినాయక్‌నగర్‌లో కిరాయి గదిలో కూర్చున్న కుర్రాడికి వేద్దాం. ఇల్లు గడవడానికి నెలకు 25 వేలు అనుకోండి. గది కిరాయి, కరెంటు, నెట్టు 5 వేలు. కంప్యూటరు అరుగుదల, సాఫ్ట్‌వేరు 3 వేలు. జ్వరమొచ్చిన రోజుకూ, పనిలేని ఆషాఢానికీ దాచుకునేది 3 వేలు. మొత్తం 36 వేలు. నెలలో పనిదినాలు 24. అందులో సగం చాయ్ తాగుతూ కొత్త పార్టీతో మాట్లాడడానికీ, పాత పార్టీ వెంట బాకీ కోసం తిరగడానికీ పోతాయి. డబ్బు పుట్టే రోజులు పన్నెండు. అంటే రోజుకు 3 వేలు వస్తేనే అతను అక్కడే ఉంటాడు, లేకపోతే హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఇది లాభం కాదు. ఇది బతికుండడం.

లోగోకు మూడు రోజులు. దుకాణం చూడ్డం, నాలుగు దారుల్లో గీయడం, ఒకటి పట్టుకుని సరిచేయడం, బోర్డుకూ బిల్లు పుస్తకానికీ బస్తా మీది అచ్చుకూ పనికొచ్చేలా ఫైళ్లు సిద్ధం చేయడం. మూడు మూళ్లు తొమ్మిది. మన ఎరువుల అన్న మొదటి మాటకే దొంగను చూసినట్టు చూసిన తొమ్మిది వేలు ఇవే. ఆయన ఇస్తానన్న ఐదు వందలకు ఎనిమిది గంటల రోజులో గంటా ఇరవై నిమిషాలు వస్తాయి. అందులో నలభై నిమిషాలు తమ్ముడికి ఈ దుకాణం ఎందుకు పెట్టించాల్సి వచ్చిందో చెప్పడానికే అయిపోయాయి.

ఖర్చు తేలాక రికవరీ. ఇక్కడే జనం తగాదా పడతారు. "పక్కన బజ్జీల బండోనికి రెండు వేలకు చేసి, ఖలీల్‌వాడిల ఆసుపత్రికి ఇరవై వేలు అడుగుతవా? బొమ్మ బొమ్మే గదా!" కాదు పటేలా. రెండు మిల్లుల గడలో చక్కెర తేడా ఉంటే ధరలో తేడా ఉండాలన్నది మీ చెరుకు ఉత్తర్వులోని సూత్రమే. బండి బొమ్మ ఆ వీధి మలుపు దాకా పనిచేస్తుంది. ఆసుపత్రి బొమ్మ పదేళ్లపాటు బోర్డు మీద, చీటీ మీద, అంబులెన్సు మీద, మందుల కవరు మీద, నర్సమ్మ జేబు మీద పనిచేస్తుంది. సైజును బట్టి ధర కడితే రెండింటికీ ఒకటే. వాడకాన్ని బట్టి కడితే ఒకటి కాదు.

రికవరీ సిద్ధాంతానికి ఒక కాలు కుంటి అని ఇక్కడే చెప్పేయాలి. గడలో చక్కెర ఎంతో మిల్లు ల్యాబులో అదే రోజు తెలుస్తుంది. లోగోలో చక్కెర ఎంతో ఏళ్లు గడిస్తే గానీ తెలియదు. 1971లో కారోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గంటకు 2 డాలర్ల లెక్కన పనిచేసి, నైకీ బూట్లకు ఆ వంపు గీత గీసిచ్చి 35 డాలర్లు తీసుకుంది. కంపెనీకి సిగ్గేసి, ఒక ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చేసరికి 1983 వచ్చింది. ఇటు పాల్ రాండ్ 1986లో స్టీవ్ జాబ్స్ దగ్గర లక్ష డాలర్లు పుచ్చుకుని నెక్స్ట్ కంపెనీకి లోగో చేశాడు. లోగో నిలిచింది, కంపెనీ కంప్యూటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు. రికవరీ ముందే తెలిసే యంత్రం ఉంటే కారోలిన్‌కు లక్ష, రాండ్‌కు 35 ఇచ్చి ఉండేవారేమో. అందుకే ఖర్చుకు కట్టిన ధర ముందే చేతిలో పడాలి, వాడకం పెరిగినకొద్దీ పైసలు పెరగాలి. ఇందూరులో మాత్రం దీన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకున్నారు: "దుకాణం నడువనియ్యి తమ్మీ, చూద్దాం." నడిచాక? "ఇప్పుడేమున్నది తమ్మీ, అప్పుడెప్పుడో చేసినవ్ గదా."

ప్రభుత్వాలు కూడా ఈ విద్యలో తక్కువవి కావు. వాటి పద్ధతి పేరు పోటీ. రూపాయి గుర్తు కోసం పిలిస్తే మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 2010లో ఉదయకుమార్ గుర్తును ఎంచుకుని రెండున్నర లక్షలు ఇచ్చారు. బాగుంది. మిగతా ఎంట్రీల కోసం నిద్రమానిన రాత్రులకు రేటెంత? 2014లో స్వచ్ఛభారత్ లోగో కొల్హాపూర్ మనిషిది ఎంపికైంది, గాంధీ కళ్లద్దాలు. దేశమంతా చెత్తబండ్ల మీద, గోడల మీద, 500 రూపాయల నోటు వెనక కూడా తిరుగుతున్న ఆ బొమ్మకు ముట్టింది 50 వేలు. కొల్హాపూర్ కూడా చెరుకు సీమే. అక్కడి గడకు రికవరీ పెరిగితే ధర పెరుగుతుంది. కళ్లద్దాలకు పెరగలేదు.

చట్టం ఇంకో తమాషా చెబుతుంది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, బొమ్మ మీద హక్కు గీసినవాడిదే. జీతగాడైతే వేరు, బయటివాడైతే కాగితం మీద రాసి సంతకం పెడితేనే హక్కు మారుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే. దీన్నిబట్టి మన పట్నంలో సగం దుకాణాల సంగతి ఏమిటంటే, బోర్డు మీదే, బోర్డు మీది బొమ్మ మీది కాదు. ఈ ముక్క తెలియక యజమాని "ఓపెన్ ఫైల్ పంపు తమ్మీ" అని అడుగుతాడు, తెలియక డిజైనర్ పంపిస్తాడు. మరునాడు ఆ సీడీఆర్ ఫైలు ఇంకో షాపులో తెరుచుకుంటుంది, 'డిజైన్ ఫ్రీ'గా.

డబ్బు ఆలస్యానికీ చట్టం లేకపోలేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ఉంది. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకున్న ఒంటరి డిజైనర్ కూడా దాని నీడలోకి వస్తాడు. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కాగితం మీద చూస్తే చెరుకు కన్నా మేలు. మరి ఎవరైనా కేసు వేశారా? మేనమామ మీదా? వేస్తే వచ్చే దసరాకు జమ్మి ఎవరి చేతిలో పెట్టాలి?

అందుకే చెరుకుగా ప్రకటించమంటున్నాను. చెరుకుకు మేనమామ ఉండడు. ప్రకటన వెలువడగానే, లోగో అడిగిన ప్రతివాడూ గేటు దగ్గర టోకెన్ తీసుకోవాలి. రెండు కరెక్షన్ల దాకా గడతో పాటే. మూడోదాని నుంచి కాంటా తిరుగుతుంది. "నాకేదో లోపించినట్టున్నది, ఏందో తెల్వది" అన్న కరెక్షన్‌కు రెట్టింపు. "ముంగట మస్తు పనున్నది" అన్నవాడు ఆ ముంగటి పనిని ముందుగా మార్కెట్ యార్డులో కుప్ప పోసి చూపించాలి. తల సైజు తగాదాలను రెవెన్యూ డివిజనల్ అధికారి సర్వేయరుతో కొలిపించి పరిష్కరించాలి. కండువా రంగు మార్పుకు నాయకుడి స్థాయిని బట్టి రుసుము, రెండోసారి మారితే స్లాబు పెరుగుతుంది, తిరిగి సొంతగూటికొస్తే పాత ఫైలు వెతికిన చార్జి అదనం. దీనితో ఒక్క ఎన్నికల సీజన్లోనే జిల్లాలోని డిజైనర్లందరూ సొంత ఇళ్లు కట్టుకుంటారు.

డిజైనర్లు కూడా ఇక్కడ మరీ మురిసిపోకూడదు. చెరుకు కావాలంటే చెరుకు క్రమశిక్షణ కూడా కావాలి. 9.5 శాతం కన్నా తక్కువ రికవరీ వచ్చే గడ మీ దగ్గర బోలెడు. ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేటు మీద పేరు మార్చి 'లోగో' అన్నవాడు ఏ ముఖం పెట్టుకుని ఏ2+ఎఫ్ఎల్ అడుగుతాడు? "రేపు పొద్దుగాల పక్కా ఇస్తన్నా" అని ఫోన్ స్విచాఫ్ చేసి మూడో రోజు సాయంత్రం కనిపించేవాడికి 15 శాతం వడ్డీ ఎవరు వేయాలి? మీ కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు ఎక్కడిదో కూడా ఇక్కడ అడగను. అడిగితే మేధోశ్రమకు విలువ గురించి మనం మాట్లాడుకోలేం.

ఇంకో చిక్కుంది. చెరుకైతే చాలు, ధర గ్యారంటీ అని నమ్మేవాళ్లు ఒకసారి శక్కర్‌నగర్ వెళ్లి రావాలి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. దాని ధర కట్టే ముచ్చట కూడా గొప్పదే: 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి ఇచ్చారు, తక్కువకు కట్టబెట్టారన్న గొడవ చివరికి శాసనసభ సభాసంఘం దాకా పోయింది. వేల మంది కష్టం పోసిన ఫ్యాక్టరీకే 'మనోడు' రేటు పలికిన చోట, ఎరువుల అన్నను ఒక్కడినే తిట్టి ఏం లాభం? 2015 డిసెంబరులో గేటుకు లేఆఫ్ నోటీసు అంటించారు. 14 రోజుల నిబంధన పుస్తకంలో అట్లాగే ఉంది, 15 శాతం వడ్డీ అట్లాగే ఉంది, ఢిల్లీలో ధర పెరుగుతూనే ఉంది. గడ కొనే మిల్లే లేదు. మిగిలిన కొద్దిమంది చెరుకు రైతులు కామారెడ్డి జిల్లా మిల్లుల దాకా బండ్లు తోలుకోవాలి. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని తెరిపిస్తామని ఒక ప్రభుత్వం చెప్పింది, తెరిపిస్తామని దాని తర్వాతి ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. ఒక్క బస్తా చక్కెర బయటికి రాని ఇన్నేళ్లలో, హామీ ఇచ్చిన ప్రతిసారీ కృతజ్ఞతల ఫ్లెక్సులు మాత్రం బోధన్ చౌరస్తాల్లో దండిగా పండాయి. ఆ పంటకు పెట్టుబడి పెట్టింది ఎవరో, గిట్టుబాటు కానిది ఎవరికో వేరే చెప్పాలా?

అయినా పట్టు వదలకూడదనే అనుకుందాం. డిజైనర్లకు న్యాయమైన ధర కోసం వాళ్లే ఒక సభ పెట్టుకున్నారనుకోండి. నిజామాబాద్‌లోనే, ఒక ఆదివారం, హాలు కూడా దొరికింది. సభకు ఫ్లెక్సు కావాలి కదా, పది బై ఎనిమిది. సంఘం గ్రూపులో కొటేషన్ అడిగారు. మొదటివాడు పదిహేను వందలన్నాడు. ఐదు నిమిషాల్లో రెండోవాడు, "నేను ఎనిమిది నూర్లకు చేస్త" అన్నాడు. గ్రూపు కాసేపు మూగబోయింది. ఇంతలో మూడోవాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు:

"పైసలేం వద్దన్నా, మన సంఘమే గదా! కింద మూలకు జర నా ఫోన్ నంబరు ఏసుకుంట."